తాళానికి నూనె పెట్టిన దొంగ

"రేపు పొద్దున సభలోనే ఆ దొంగ కుడిచేయి నరికిస్తాను. వాణ్ణి క్షమించమని నోరెత్తినవాడికీ అదే శిక్ష," అన్నాడు చిత్రగిరి రాజు మల్లభూపతి.

ఆ మాట అంటూ ఆయన చూసింది ఓబళయ్య వైపే. ఓబళయ్యది అడపం కొలువు. అంటే రాజుగారి పక్కన నిలబడి ఆకు, వక్క, సున్నం కూర్చి తాంబూలం చుట్టి ఇవ్వడం. చిన్న కొలువే గానీ, సభలో ఎవరికి ఏ ముప్పు వచ్చినా మధ్యలో దూరడం అతని అలవాటు. అందుకే ఈసారి రాజు ముందుగానే అతని నోరు కట్టేశాడు.

దొంగ పేరు తిరిపాలు. ధాన్యపు కొట్టు తాళం తీసి కుంచెడు బియ్యం పట్టుకుపోయాడు. పోతూ పోతూ తాళం మళ్ళీ వేసే వెళ్ళాడు కనక ఎవరికీ తెలియలేదు. మర్నాడు మళ్ళీ వచ్చి దొరికిపోయాడు. ఈసారి బియ్యం కోసం కాదు. తాళం కిర్రుమంటోందని నూనె పెట్టడానికి వచ్చాడట.

ఆ తాళం కోశాధికారి భద్రప్ప చేయించింది. దాన్ని తీయగలవాడు ఇంకా పుట్టలేదని ఆయన మీసం మెలేస్తుండేవాడు. పుట్టాడని తేలాక మీసం దిగిపోయింది. చేయి నరకాలని పట్టుపట్టింది ఆయనే.

తెల్లవారి సభ తీరింది. రాజు తాంబూలం నోట్లో వేసుకుని మొహం చిట్లించాడు.

"సున్నం లేని ఆకేమిటయ్యా ఓబళయ్యా, గడ్డి నమిలినట్టుంది."

"సున్నం భరిణె ఖాళీ అయింది ప్రభూ."

తిరిపాలును తెచ్చి నిలబెట్టారు. ఆ కోటలో శిక్ష అమలు చేసేది రాజముద్ర ఉన్న గొడ్డలితోనే. సభలో ఓ మూల ఉన్న పాత పెట్టెలో అది భద్రంగా ఉంటుంది. ఆ పెట్టెకూ భద్రప్ప తాళమే.

భద్రప్ప మెళ్ళోంచి తాళంచెవి తీసి, దూర్చి తిప్పాడు. తిరగలేదు. రెండు చేతులూ పెట్టి తిప్పాడు. చెమటలు పట్టాయి గానీ తాళం మాత్రం కదల్లేదు.

"పెట్టె పగలగొట్టిస్తాను ప్రభూ."

"అది మా తాతగారి పెట్టె. దాని మీద గీత పడిందా, ఆ గొడ్డలికి నీతోనే బోణీ."

భద్రప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పుడు ఓబళయ్య మెల్లిగా దగ్గాడు.

"క్షమించమని నేననను ప్రభూ, నా చేయి నాకు కావాలి. కానీ ఆ తాళం తీయగలవాడు ఇక్కడ ఒక్కడే ఉన్నాడు."

సభంతా తిరిపాలు వైపు తిరిగింది. కట్లు విప్పారు. అతను ఓ చీపురుపుల్ల, రెండు చుక్కల నూనె అడిగి పుచ్చుకున్నాడు. తాళానికి చెవి ఆనించాడు. పుల్లతో గెలికాడు. నూనె వేసి తాళంచెవి తిప్పాడు. టక్కున తెరుచుకుంది.

"లోపలున్నది నీ చేయి నరికే గొడ్డలి. తెలిసే తీశావా?" అన్నాడు రాజు.

"తెలుసు దొరా. నాకు వచ్చిన పని ఇదొక్కటే. దొంగవాడినని ఊళ్ళో ఎవరూ నా చేతికి తాళం ఇవ్వరు. పిలిచి ఇచ్చింది మీరే మొదలు."

రాజు ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు. భద్రప్ప మాత్రం గబగబా గొడ్డలి బయటికి తీశాడు.

"నరికించండి ప్రభూ, నేను అడ్డురాను," అన్నాడు ఓబళయ్య.

"కానీ గొడ్డలి మళ్ళీ లోపల పెట్టాక, పెట్టెకు తాళం మాత్రం వేయించకండి. మళ్ళీ తీసేవాడుండడు," అని ముగించాడు.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"గొడ్డలి లోపల పెట్టు భద్రప్పా. తాళం తిరిపాలు వేస్తాడు. ఇవాళ్టి నుంచి కోటలో తాళాలన్నీ అతని చేతికే."

"మరి శిక్ష, ప్రభూ?"

"శిక్షే. బతికినన్నాళ్ళూ నీ తాళాలకు నూనె పెట్టాలి."

తిరిపాలు మొలలో దాచుకున్న దొంగ కొక్కేలన్నీ తీసి రాజు పాదాల దగ్గర పెట్టాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఆ కోటలో గింజ పోలేదు, తాళం కిర్రుమనలేదు.

ఆ రోజు సభ లేచేలోగా రాజు కన్ను చీపురుపుల్ల మీద పడింది. దాని చివర తెల్లగా ఏదో అంటుకుని ఉంది. వేలితో రాసి చూశాడు. ఓబళయ్య పైకప్పు చూడసాగాడు.

రాజు తన వెండి భరిణె తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఇకనుంచి రెండు భరిణెలు ఉంచుకో ఓబళయ్యా. నీది తాళాలకు, ఇది నా ఆకులోకి."

సభంతా గొల్లున నవ్వింది. భద్రప్ప మీసం కూడా కాస్త కదిలింది.