ముడి పడని గడ్డిపోచ

అనగనగా మబ్బులు కిందికి దిగి చెట్ల మధ్య తిరిగే ఒక కొండ అడవి ఉండేది, పిల్లలూ. తెల్లవారితే అక్కడ ఆకులు కూడా కల కంటున్నట్టు ఉండేవి.

ఆ మంచులో మూడు బడులుండేవి. తుమ్మచెట్టు మీద గిజిగాడు సారంగయ్య పంతులు గూడు అల్లడం నేర్పేవాడు. నేరేడు చెట్టు మీద ఉడుత చామంతమ్మ కొమ్మ నుంచి కొమ్మకు దూకడం నేర్పేది. వాగులో తాబేలు కూర్మయ్య మాస్టారు ఈత నేర్పేవాడు. మూడు బడులూ పక్కపక్కనే. అయినా ఒకరి బడి గడప ఒకరు తొక్కింది లేదు.

సారంగయ్య దగ్గర చిన్ని అనే గిజిగాడి పిల్ల చదివేది. దానికి గడ్డిపోచ ముడి పడేది కాదు. మొదటిసారి జారింది. రెండోసారీ జారింది. మూడోసారి పోచే తెగింది.

"ఎన్నిసార్లు చూపించాలి? నీకు బుర్ర లేదా?" అని పంతులు కసిరాడు.

మర్నాడు చిన్ని రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వానలు దగ్గర పడుతున్నాయి. గూడు అల్లడం రాని పిట్ట గాలివానకి ఏమైపోతుంది? చిన్ని కూర్చునే కొమ్మ ఖాళీగా ఊగుతుంటే పంతులు గుండె కలుక్కుమంది.

అప్పుడే చామంతమ్మ అటు వచ్చింది. "పంతులుగారూ, బడి ఎలా సాగుతోంది?" అని అడిగింది.

'దివ్యంగా ఉంది' అనబోయాడు. కానీ ఆ ఖాళీ కొమ్మ కనబడి ఆగాడు.

"ఒక పిల్లకి నేర్పలేకపోతున్నానమ్మా" అన్నాడు మెల్లగా.

చామంతమ్మ దగ్గరికి జరిగింది. "నాకూ ఒకడున్నాడండీ. దూకమంటే కళ్ళు మూసుకుంటాడు. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు" అంది.

ఇద్దరూ కూర్మయ్య దగ్గరికి వెళ్ళారు. అంతా విని ఆయన, "రేపు మీ బడికొచ్చి కూర్చుంటాం పంతులూ. మేం పిల్లల్ని చూస్తాం. నువ్వు పాఠం చెప్పు" అన్నాడు.

సారంగయ్య చిన్ని ఇంటికెళ్ళి, "కసిరినందుకు తప్పు నాదే తల్లీ, రా" అని పిలుచుకొచ్చాడు.

మర్నాడు పాఠం అయ్యాక చామంతమ్మ అంది: "మీరు పిల్లల వైపు వీపు తిప్పి అల్లుతున్నారండీ. చిన్నికి మీ ముక్కే కనబడలేదు."

"వేగం కూడా ఎక్కువే. నాకూ ఏం తెలియలేదు" అన్నాడు చెట్టు కింద నుంచి చూసిన కూర్మయ్య.

సారంగయ్య ముఖం చిన్నబోయింది. కానీ ఆ మరుసటి పొద్దున చిన్నికి ఎదురుగా తలకిందులుగా వేలాడి, మెల్లగా ముడి వేశాడు. చిన్ని తల వంచి చూసింది. పోచ తిప్పింది. లాగింది. ముడి నిలిచింది!

తర్వాత వాళ్ళు నేరేడు చెట్టుకి వెళ్ళారు. ఉడుత పిల్లాడి కళ్ళలో ఎండ పడుతోందని సారంగయ్య పసిగట్టాడు. కొమ్మ మార్చగానే వాడు దూకేశాడు. వాగులో కూర్మయ్య కబుర్లకి పిల్లలు నీళ్ళలోనే కునుకుతున్నారని ఇద్దరూ నవ్వుతూ చెప్పారు. ఆయన కూడా నవ్వి, కబుర్లు తగ్గించాడు.

వానలొచ్చాయి. గాలికి చిన్ని గూడు ఊగింది, కానీ తెగలేదు.

వాన వెలిసిన ఒక సాయంత్రం ముగ్గురూ వాగొడ్డు రాతి మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. కొండ అవతల బడి నడిపే వడ్రంగిపిట్ట పంతులమ్మ బెరుకుగా వచ్చి నిలబడింది.

"నాకొక పాఠం చెప్పడం కుదరట్లేదు. నేనూ కూర్చోవచ్చా?"

ముగ్గురూ జరిగి చోటిచ్చారు.

నీతి: రాదని ఒప్పుకుని తోటివారిని అడిగే గురువు దగ్గరే పిల్లలకు చదువు వస్తుంది.