గవర్రాజు గారి పైకి చేప

అనకాపల్లి బెల్లం బజారు వెనక వీధిలో గవర్రాజు గారి ఇల్లు తెలివికి పెట్టింది పేరు. ఆ పేరు పెట్టుకున్నది కూడా వాళ్ళే. ఇంట్లో ఉండేది నలుగురు: గవర్రాజు, భార్య నూకరత్నం, తమ్ముడు చిట్టినాయుడు, తల్లి అప్పలనర్సమ్మ. పడుకునే ముందు అందరూ చెవుల్లో దూది పెట్టుకునేవాళ్ళు. పక్కకి ఒత్తిగిల్లితే తెలివి దిండు మీదకి కారిపోదూ మరి! ఒక్క చిట్టినాయుడు మాత్రం వెల్లకిలా పడుకుని తెల్లారేదాకా కదిలేవాడు కాదు. దూది దండగ అనేవాడు. అంత పొదుపరి.

ఇంత తెలివున్నా వీధిలో జనం మాత్రం పక్కింటి సింహాచలం దగ్గరికే పోయేవాళ్ళు. సింహాచలం ఇంటి నిండా అద్దాల తొట్టెలు, తొట్టెల నిండా రంగురంగుల చేపలు. అది చూస్తే గవర్రాజుకి కడుపుమంట. కడుపుమంట అనగానే నూకరత్నం మజ్జిగ ఇచ్చింది. తాగాడు. తగ్గలేదు. ఇక ఉండబట్టలేక గోడ మీంచి తొంగిచూసి అడిగాడు.

"సింహాచలం గారూ, ఈ ఊళ్ళో ఎవరింట్లోనూ లేని చేప ఏదైనా ఉందాండీ?"

"ఉందండీ, పైక్ సిక్లిడ్ అని. ఎక్కడో అమెజాన్ నది వైపు పుడుతుంది. సన్నగా, పొడుగ్గా, ఒళ్ళంతా చుక్కలు. నాకూ ఎప్పట్నుంచో మోజు. కానీ వైజాగంతా వల వేసి గాలించినా దొరకదు."

అంతే, గవర్రాజు ఇంట్లోకి ఒక్క పరుగు తీశాడు. "విన్నార్రా? వల వేస్తే దొరకదట! పాపం సింహాచలం, వల పట్టుకుని తిరిగుంటాడు. మనం వల లేకుండా వెళ్దాం."

మర్నాడు అన్నదమ్ములిద్దరూ వైజాగ్ బస్సెక్కారు. వల లేదని కండక్టరుకి కూడా చేతులు చాపి చూపించారు. బస్సు దిగి, మొదట కనిపించిన చేపల కొట్లోకి వెళ్ళి, "మా దగ్గర వల లేదండీ. పైక్ సిక్లిడ్ ఇప్పించండి" అన్నారు.

అదృష్టం అంటే వాళ్ళది. సరిగ్గా ముందురోజే ఆ కొట్టుకి ఒకే ఒక్క పైక్ సిక్లిడ్ దిగింది. గవర్రాజు అద్దానికి ముక్కు ఆనించాడు. చేప ఈదుకుంటూ వచ్చి అటువైపు నుంచి మూతి ఆనించింది. ఎర్రంచు కళ్ళతో అతన్నే చూస్తూ నిలబడిపోయింది. తను ఎదురుగా ఉంటే అంతసేపు కదలకుండా నిలబడినవాళ్ళని గవర్రాజు పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"ఒరే చిట్టీ, మనసు పారేసుకున్నానురా" అన్నాడు.

చిట్టినాయుడు గబుక్కున వంగి బల్లల కింద వెతికాడు.

కొట్టాయన చేపని నీళ్ళ సంచిలో వేసి కడుతూ జాగ్రత్తలు చెప్పాడు. "దీనికి నీళ్ళు మెత్తగా ఉండాలండీ. మన బోరు నీళ్ళు గట్టివి. పైగా దీనికి బెరుకెక్కువ, దాక్కోవడానికి చోటివ్వండి. పక్కన చిన్న చేపల్ని మాత్రం ఉంచకండి, మింగేస్తుంది."

తొట్టె, చేప ఇంటికొచ్చాయి. తొట్టెలోకి బోరు నీళ్ళు పోయబోతుంటే గవర్రాజు ఆపాడు. ఇంకేముంది, నూకరత్నం నీళ్ళు రోట్లో పోసి రోకలి ఎత్తింది. వేసిన ప్రతి పోటుకీ నీళ్ళు ఎగిరి మొహాన పడుతున్నాయి. కాసేపటికి అప్పలనర్సమ్మ ఓ పుక్కెడు నోట్లో పోసుకుని నమిలి చూసింది. అవ్వకి ఒక్క పన్నూ లేదు.

"నా చిగుళ్ళకే నలిగిపోయాయి. ఇంక చాలు, ఆపవే కోడలా!"

అలా మెత్తబడ్డ నీళ్ళతో తొట్టె నింపారు. చేప దాక్కోవడానికి అందులో ఓ చిల్లి కుండ బోర్లించారు.

"ఇంతకీ చేప పేరేంట్రా?" అంది అప్పలనర్సమ్మ.

"పైక్ సిక్లిడ్ అమ్మా."

"పైకా? పైకి అని పేరులోనే ఉంటే కింద పెట్టారేంట్రా తింగరోళ్ళారా!"

ముగ్గురూ నాలుక్కరుచుకున్నారు. చిట్టినాయుడు గట్టిగా కరుచుకున్నాడేమో, ఆ పూట ఉత్త పెరుగన్నం తిన్నాడు. తొట్టెని బల్ల మీంచి బీరువా మీదకెక్కించారు. బీరువా పైన అటక కనిపించింది. అటక ఇంకా పైకి కదా! నిచ్చెన వేసి, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి, సగం నీళ్ళు తలల మీద పోసుకుని, తొట్టెని అటకెక్కించారు. తొట్టెలో చేప చిల్లి కుండ కింద దూరింది.

గవర్రాజు నిచ్చెనెక్కి చూశాడు. చేప లేదు. కుండ కొంచెం ఎత్తి చూస్తే ఉంది.

"ఓస్, దాగుడుమూతలాడుతోంది!" అంది అప్పలనర్సమ్మ. "నువ్వు పట్టుకున్నావు కాబట్టి ఇప్పుడది దొంగ. ఇక మనమే దాక్కోవాలి."

అంతే. గవర్రాజు మంచం కింద దూరాడు, నూకరత్నం పరుపు చుట్టలో చుట్టుకుంది, చిట్టినాయుడు గోనెసంచిలో దిగాడు, అవ్వ తలుపు వెనక నక్కింది. చేప వచ్చి పట్టుకుంటుందని ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఎంతకీ రాదే! పొయ్యి మీద వంకాయ కూర మాడి పొగ వీధిలోకి పోయింది. ఆ పొగ చూసి సింహాచలం పరిగెత్తుకొచ్చాడు.

"ఏవండీ, ఇల్లు తగలబడుతోందా? ఎక్కడున్నారు?"

"ష్! మెల్లగా!" అంది మంచం. "చేపకి తెలిసిపోతుంది."

సింహాచలం పొయ్యి ఆర్పి, తలెత్తి చూశాడు. అటక మీద పైక్ సిక్లిడ్! కళ్ళు తిరిగినంత పనైంది. "గవర్రాజు గారూ! ఇంత అపురూపమైన చేపని ఇంత ఇరుకులోనా పెట్టేది? ఇది మూరెడు పెరుగుతుందండీ. దీనికి ఇల్లంత తొట్టె ఉండాలి! నా దగ్గర పెద్దదొకటుంది, కడిగి నీళ్ళు పట్టి వస్తానుండండి" అంటూ వెళ్ళాడు.

నలుగురూ బయటికొచ్చి ఆలోచనలో పడ్డారు.

"ఇల్లంత తొట్టె ఎక్కడుంటుందిరా?" అన్నాడు గవర్రాజు.

"ఇల్లంతది ఇల్లే కదా అన్నయ్యా!"

గవర్రాజు తమ్ముణ్ణి కౌగలించుకున్నాడు. ఇంకేముంది, తలుపులు, కిటికీ రెక్కలు మూసి, సందుల్లో, తూముల్లో బంకమట్టి కూరారు. మోటారు వేసి పైపు ఇంట్లోకి పెట్టారు. పైపు మూతి దగ్గర నూకరత్నం రోకలి పట్టుకుని నిలబడి, వచ్చిన నీళ్ళని వచ్చినట్టే నాలుగు బాదింది. మంచం తేలింది. బియ్యం డబ్బా తేలింది. పీటలు బాతుల్లా తిరిగాయి. నీళ్ళు నడుం దాటాక చేపని అందులో వదిలి, కిటికీలోంచి బయటపడి, దాన్ని కూడా బంకమట్టితో మూసి, నలుగురూ అరుగు మీద కూర్చున్నారు.

కాసేపటికి గవర్రాజుకి బెంగ పట్టుకుంది. "నా బంగారం ఒక్కతీ ఏం చేస్తోందో. ఓసారి చూసొస్తాను."

"చెప్పకుండా పోతే జడుసుకుంటుందండీ" అంది నూకరత్నం. "ముందు అడగండి."

గవర్రాజు వీధి తలుపు తట్టాడు. "బంగారం, తలుపు తియ్యనా?"

చేప ఉలకలేదు, పలకలేదు.

"మౌనం అర్ధాంగీకారం!" అంది అప్పలనర్సమ్మ.

అర్ధమే కదా అని గవర్రాజు సగం తలుపే తీశాడు. మిగతా సగం నీళ్ళే తీసుకున్నాయి. ధడేల్! గవర్రాజు, గవర్రాజు మీద మంచం, మంచం మీద బియ్యం డబ్బా, వాటి వెనక ఇల్లంతా వీధిలోకి కొట్టుకొచ్చేశాయి. బజారు చివర బెల్లం బస్తాలు దించుతున్న బండివాళ్ళు బండ్లెక్కి నిలబడ్డారు.

గవర్రాజు మురిక్కాలవ గట్టున లేచి కూర్చుని గొల్లుమన్నాడు. "బంగారం! నా బంగారం!" ఆ ఏడుపు విని బండివాళ్ళు కూడా గాజులో గొలుసులో పోయాయనుకుని వెతికారు. గవర్రాజు మోకాళ్ళ మీద పాకుతూ పీటలు ఎత్తి చూశాడు, చాపలు దులిపి చూశాడు. చివరికి గడప దగ్గర ఇరుక్కున్న ఇత్తడి గుండిగలోకి తొంగిచూశాడు. అడుగున జానెడు నీళ్ళు. ఆ నీళ్ళలో ఎర్రంచు కళ్ళు అతన్నే చూస్తున్నాయి.

"ఉంది! బతికుంది!" నలుగురూ గుండిగ చుట్టూ చేరి ఏడ్చారు, నవ్వారు, మళ్ళీ ఏడ్చారు.

అంతలో నూకరత్నం చేపని పరీక్షగా చూసి గుండెలు బాదుకుంది. "అయ్యో అయ్యో! ఏవండీ, పాపం ఒళ్ళంతా తడిసి ముద్దయిపోయిందండీ!"

"జలుబు చేస్తుందిరా!" అని కేకేసింది అప్పలనర్సమ్మ. "తువ్వాలు పట్రండి! నిప్పుల మీద సాంబ్రాణి వెయ్యండి! చంటిపిల్లకి పట్టినట్టు పొగ పట్టాలి!"

చిట్టినాయుడు పక్క హోటల్లోంచి నిప్పులు తెచ్చి సాంబ్రాణి వేశాడు. నూకరత్నం పౌడరు డబ్బా తెరిచింది. గవర్రాజు తువ్వాలు పరిచి చెయ్యి గుండిగలో పెట్టబోయాడు. సరిగ్గా అప్పుడే సింహాచలం వచ్చాడు. చూశాడు. గుండిగ లాక్కుని, చంకన పెట్టుకుని పరుగో పరుగు.

"ఆగండి బాబూ, ఒళ్ళు తుడవనివ్వండి!" అంటూ తువ్వాలుతో గవర్రాజు, ఊదుకుంటూ సాంబ్రాణితో చిట్టినాయుడు, పౌడరుతో నూకరత్నం, వాళ్ళ వెనక ముక్కుతూ మూలుగుతూ అవ్వ. సింహాచలం తన ఇంట్లోకి దూసుకెళ్ళి, నిండా ఉన్న పెద్ద తొట్టెలోకి గుండిగ వంచేశాడు. చేప మెరుపులా అటు నుంచి ఇటు ఈదింది.

గవర్రాజు గుమ్మంలో కూలబడి తల బాదుకున్నాడు.

"కాస్త ఉంటే ఆరిపోయేది కదమ్మా... మళ్ళీ తడిపేశాడు!"