ఎర్రమట్టి పిడికిలి

ఒకప్పుడు ప్రాణహిత ఏటి ఒడ్డున రాయి అన్నదే లేదు. అంతా ఎర్రమట్టే. ఆ మట్టికి ఒకచోట కుదురుండేది కాదు. ఏరు "వస్తవా?" అంటే చాలు, ఉన్న పని వదిలేసి జారుకుంటూ వెంటపడేది.

ఆ రోజుల్లో కొండంతేసి జంతువులు తిరిగేవి. వాటిలో ఒక తల్లి పేరు తాటిమెడ. మెడ చాపితే చెట్టు చిటారున ఉన్న ఆకు నోటికందేది. ఆ తల్లులకు ఒక అలవాటుండేది. మట్టిలో గుంట తీసి, గుడ్లు పెట్టి, పైన కప్పి, కాలితో మెల్లగా తట్టి, "జర చూస్తుండు బిడ్డా" అని మట్టికి అప్పగించి మేతకు పోయేవి.

ఒక ఏడు తాటిమెడ అలాగే అప్పగించింది. ఏరు పిలిచింది, మట్టి పోయింది, గుడ్లన్నీ నీళ్లపాలయ్యాయి. తాటిమెడ తిట్టలేదు. మెడ నేలకానించి ఏడ్చింది. ఆ కన్నీళ్లు వెచ్చగా తగిలి మట్టి సిగ్గుతో ఇంకా ఎర్రబడింది.

మరుసటేడు తాటిమెడ మళ్లీ వచ్చింది. వయసు మీదపడింది, ఇవే ఆఖరి గుడ్లు.

"మళ్ల దానికే ఇస్తున్నవా? నీకేమన్న బుద్ధి ఉన్నదా?" అన్నాయి తోటి తల్లులు.

"దాని మొఖం చూడుండ్రి. ఈసారి ఉంటది" అంది తాటిమెడ.

ఆ మాటకు మట్టికి గుండె నిండిపోయింది. "నువ్వొచ్చి అడిగేదాక ఇడువ, పెద్దమ్మా" అంది.

వాన కురిసింది. ఏరు పొంగింది. "రావే, పోదాం!" అని పట్టి లాగింది. మట్టి పిడికిలి బిగించి ఉన్నచోటే ఉంది.

వాన వెలిశాక తాటిమెడ వచ్చి కాలితో తట్టింది. "తియ్యి బిడ్డా."

మట్టి పిడికిలి వదిలింది. పిల్లలు ఒకదాని మీద ఒకటి పడుతూ బయటికొచ్చి ఆకుల కోసం పరుగెత్తాయి. తల్లికెంత సంబరమో, మట్టికీ అంతే. ఒక్క గుడ్డు మాత్రం పగలలేదు, పలకలేదు.

తాటిమెడ దాని పక్కనే ఒరిగింది. "ఇగ నాకు నడుసుడు చాతగాదు. దీన్ని, నన్ను నీ దగ్గర్నే ఉంచుకో" అని హాయిగా కళ్లు మూసుకుంది.

మట్టి ఇద్దరినీ దుప్పటిలా కప్పి మళ్లీ పిడికిలి బిగించింది.

"ఇంకెవరొస్తరే అడగనీకి? ఇడువు" అంది ఏరు.

"ఎవరో ఒకరొస్తరు" అంది మట్టి. ఏళ్లూ పూళ్లూ గడిచాయి. బిగించి బిగించి మట్టి కాస్తా రాయైపోయింది.

అప్పటినుంచే ఆ ఒడ్డున ఎర్రరాయి కడుపులో పాతకాలపు ఎముకలుంటాయి. గుంజితే ఇవ్వదు. పక్కన కూర్చుని మెల్లగా తట్టి అడిగితే ఇస్తుంది. ప్రతి వానాకాలం మాత్రం ఓ ఎముక కొసను కాస్త పైకి పెట్టి చూపిస్తుంది. అప్పగించినవాళ్ల తరఫున ఎవరన్నా వస్తే చూసుకోవాలి కదా, భద్రంగానే ఉందని.