అరువు నాయనమ్మ

కోదండపాణి మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్ళెవరూ జవాబుతో బయటికి రాలేదు. ఏదో ఒక పనితో వచ్చేవాళ్ళు. "ఈ గదికి ఏ రంగు వేయమంటారు మాస్టారూ" అని అడిగితే, "ఆ ఇంటావిడ ఏ పూట ఎక్కడ కూచుంటుందో చూసి రా" అనేవారు. అడిగినవాడు లోపల్లోపల తిట్టుకుంటూ వెళ్ళేవాడు. తిరిగొచ్చాక మళ్ళీ రంగు సంగతి ఎత్తేవాడు కాదు. డెబ్బై దాటిన మనిషి, ఇళ్ళ అలంకరణలో తలపండినవాడు, హైదరాబాదులో ఎంతోమంది డిజైనర్లకు పని నేర్పినవాడు. ఆయనతో వాదన పెట్టుకుని ఎవరు గెలుస్తారు?

ఆయన ఆఫీసున్న వీధికి కార్పొరేషన్ వాళ్ళు పెట్టిన నంబరు ఒకటుంది గానీ, జనం డిజైన్ వీధి అనే అంటారు. దీపాల షాపులు, పాలరాతి షాపులు, కర్టెన్ల షోరూములు, వాటి మధ్య ఒక్క కాఫీకి పూటంతా కూచునే హోటళ్ళు, పైన ఫ్లాట్లు. ఆ వీధిలో ఒకరింటికి ఒకరు వెళ్ళేది మంచీచెడ్డా కనుక్కోవడానికి కాదు, గోడలు చూడటానికి. ఒక ఏడు అందరి గోడలూ బూడిద రంగు. మరో ఏడు గుమ్మం గుమ్మానికీ ఇత్తడి గంగాళం, అందులో తేలే బంతిపూలు. నిరుడు మినిమల్ అన్నారు. గోడ మీద ఏదైనా వేలాడుతూ కనిపిస్తే పరువు పోయినట్టే. ఉన్న పటాలన్నీ దింపేసి గోడలు బోసిగా పెట్టుకున్నారు. ఈ ఏడు అది పాతబడింది. ఇప్పుడు అందరికీ హెరిటేజ్ గోడ కావాలి. అంటే వంశం కనబడాలి. టేకు ఫ్రేముల్లో తాతలు, ముత్తాతలు, వాళ్ళ మీద సన్నగా పసుపు వెలుగు. దించిన పటాలు ఎటు పోయాయో మాత్రం ఎవరూ అడగలేదు.

మాస్టారి దగ్గర పని నేర్చుకుంటున్న సంహితకు ఇందుజ అనే ఆవిడ కొత్త ఫ్లాటు అప్పగించారు. ఆ పిల్ల మొదటిసారి ఒంటిచేత్తో చేస్తున్న ఇల్లు. "ఇది నలుగురూ మెచ్చుకుంటే ఇక నీ పని నువ్వు చేసుకోవచ్చు" అని మాస్టారు నోరు జారారు. అంతే, పిల్లకి తిండి సహించలేదు. ఎలాగైనా ఈ ఇల్లు గెలవాలి, తన కాళ్ళ మీద తను నిలబడాలి. ఇంకో ధ్యాస లేదు.

ఇందుజకు హెరిటేజ్ గోడ కావాలి. చిక్కల్లా వంశం ఫొటోలు లేకపోవడమే. నాయనమ్మది ఒక్కటే ఉంది, పింఛను పుస్తకానికి అంటించింది, తపాలా బిళ్ళంత.

"అది గోడకేం బాగుంటుంది సంహితా? నాయనమ్మ బిత్తరచూపులు చూస్తుంటుంది" అంది ఇందుజ.

సంహిత జుమ్మేరాత్ బజారుకు వెళ్ళి, పాతసామాన్ల గుట్టలు వెతికి ఒక పటం పట్టుకొచ్చింది. మంచి టేకు ఫ్రేము. అందులో ముప్పై ఏళ్ళుంటాయేమో, ఒకావిడ స్టూడియో కుర్చీ మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంది. మణికట్టుకు వాచీ. ఎడమ కనుబొమ మధ్యలో చిన్న చీలిక. చూపులో కొంచెం బెరుకు, కొంచెం టెక్కు. గోడకు తగిలిస్తే బాగానే ఉంది గానీ, బొమ్మలా ఉంది తప్ప బంధువులా లేదు. సంహిత కాసేపు ఆలోచించింది. తర్వాత పూజాసామాన్ల షాపు నుంచి గంధపు దండ తెచ్చి పటానికి వేసింది. కుంకుమ తడిపి ఉంగరపు వేలితో అద్దం మీద బొట్టు పెట్టింది. మన ఇళ్ళలో దండ వేసి బొట్టు పెట్టిన పటమంటే ఎవరికి మాత్రం వేరే చెప్పాలి? చూస్తూ చూస్తూ ఉండగానే ఆ ఇంటికి నాయనమ్మ పుట్టింది, పోయింది కూడా. ఇందుజ కళ్ళు చెమర్చాయి. "అచ్చం మా నాయనమ్మే" అంది, పింఛను పుస్తకంలో ఉన్నావిడను శుభ్రంగా మరిచిపోయి.

ఇంత బాగా కుదిరినా సంహితకు మనసులో ఎక్కడో ముల్లులా గుచ్చుతూనే ఉంది. మర్నాడు మాస్టారి దగ్గరికెళ్ళి అడిగేసింది.

"మాస్టారూ, ఎవరో తెలియని మనిషి పటం మనవాళ్ళదని గోడకు పెట్టుకుంటే తప్పా? ఆవిడకు పోయేదేముంది, ఎప్పుడో పోయే ఉంటుంది."

మాస్టారు పెన్సిలు చెక్కుకుంటున్నారు. తలెత్తలేదు. "ఆదివారం గృహప్రవేశానికి ఎవరెవర్ని పిలుస్తున్నారు?" అన్నారు.

"వీధిలో పేరున్నవాళ్ళందర్నీ. వాట్సాప్‌లో కార్డు పంపించేశాం."

"చుట్టుపక్కల ఇళ్ళలో పెద్దవాళ్ళుంటారు కదా, వాళ్ళనీ పిలవండి. ఫోన్లో కాదు. గుమ్మం ఎక్కి బొట్టు పెట్టి పిలవాలి. ఇందుజకు తీరకపోతే నువ్వే వెళ్ళు."

అడిగిందేమిటి, ఈయన చెప్పిందేమిటి అని సంహితకు ఒళ్ళు మండింది. అయినా కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరింది. ఇల్లిల్లూ ఎక్కుతుంటే ఒకందుకు హాయిగానే ఉంది, అందరి గోడలూ ఊరికే చూడొచ్చు. పక్క బిల్డింగులో ఉండే నళిని గారిల్లు మరీను. ఆవిడకు కింద కర్టెన్ల షోరూమ్ ఉంది. నిరుడు ఆవిడ హాలు చూడటానికి వీధి వీధంతా వచ్చింది, అంత బోసిగా, అంత నున్నగా ఉంటాయి ఆ గోడలు. తలుపు తీసింది నళిని వాళ్ళమ్మ.

"ఆదివారం ఇందుజ గారి గృహప్రవేశానికి రావాలండీ" అంటూ సంహిత భరిణె తెరిచింది.

పెద్దావిడ వెనక్కి తిరిగి చూసింది. "నాకా? నళిని షాపులో ఉందమ్మా."

"మీకే పెద్దమ్మగారూ."

"నన్ను బొట్టు పెట్టి పిలిచినవాళ్ళు లేక ఎన్నాళ్ళయిందో తల్లీ" అందావిడ, నుదురు ముందుకు వంచి. సంహిత బొట్టు పెట్టింది. కళ్ళు మాత్రం ఆవిడ భుజం మీంచి లోపలి గోడ మీదున్నాయి. ఆ నునుపు పుట్టీతో వచ్చిందా, సున్నంతో వచ్చిందా అని చూస్తోంది. తేల్చుకునేలోపే పక్క గుమ్మం ముందుంది.

ఆదివారం పొద్దున ఇందుజ ఇల్లు కిటకిటలాడింది. షోరూముల వాళ్ళు, ఫొటోలు తీసేవాళ్ళు, ఏ ఇంటికెళ్ళినా సోఫా వెనక చెయ్యి పెట్టి బట్ట తడిమి చూసేవాళ్ళు, అందరూ వచ్చారు. లోపల అడుగుపెట్టినవాళ్ళు పెట్టినట్టే హెరిటేజ్ గోడ ముందు ఆగిపోయారు. పటం కింద పళ్ళెంలో మల్లెపూలు పెట్టి ఉన్నాయి. "మా నాయనమ్మ. ఒక్క పువ్వు పెట్టండి, ఆవిడ ఆశీర్వాదం" అంటోంది ఇందుజ. వాళ్ళు పువ్వు పెట్టడం, దణ్ణం పెట్టడం, నాయనమ్మతో సెల్ఫీ తీసుకోవడం. ఇందుజ నోట్లో నాయనమ్మ గంట గంటకీ పెరిగిపోతోంది. ఊళ్ళో మొదట వాచీ పెట్టుకున్న ఆడది ఆవిడేనట. కలెక్టరు కూడా ఆవిడ్ని టైము అడిగి వెళ్ళాడట. ఒకావిడ సంహిత చెయ్యి పట్టుకుని, "మా ఇంటికి కూడా ఇలాంటి గోడ నువ్వే చెయ్యాలి" అంది. ఆ మాట విని సంహిత గాల్లో తేలిపోయింది. మూలన కుర్చీలో లడ్డూ తింటున్న మాస్టారి వైపు గర్వంగా చూసింది.

అప్పుడే నళిని వాళ్ళమ్మ వచ్చింది. జరీచీర కట్టుకుంది, జుట్టు నున్నగా దువ్వి ముడేసుకుంది. నళిని వెనకే వచ్చి, ఎవరో పలకరిస్తే గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఇందుజ పెద్దావిడ చేతిలో మల్లెపువ్వు పెట్టి, "మా నాయనమ్మండీ" అంది, అందరికీ చెప్పినట్టే.

పెద్దావిడ పటం వంక చూసింది. చేతిలో పువ్వు చేతిలోనే ఉండిపోయింది. దగ్గరికెళ్ళి చూసింది. దండ చూసింది. బొట్టు చూసింది.

"ఎప్పుడు పోయింది?" అని అడిగింది.

"చాలా ఏళ్ళయిందండీ" అంది ఇందుజ.

"ఎలా పోయింది?"

"నిద్రలోనే. పుణ్యాత్మురాలు, ఎవరిచేతా చేయించుకోలేదు."

"బాధపడలేదు కదా?"

"లేదండీ."

"కూతురుందా ఆవిడకి?"

ఇందుజ ఒక్క క్షణం తడబడి, "ఉందండీ" అంది.

"ఏడ్చిందా?"

"ఏడవకుండా ఎలా ఉంటుందండీ, తల్లి కదా" అంది ఇందుజ. ఈ పెద్దవాళ్ళకు చావుల సంగతులంటే ఎంత ఇష్టమో అన్నట్టు పక్కవాళ్ళ వైపు చూసి నవ్వింది కూడా.

పెద్దావిడ తలూపింది. "పోనీలే. ఆ వాచీ మాత్రం స్టూడియోవాడిది. ఫొటో తియ్యడం అయిపోగానే విప్పి ఇచ్చేశాను."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకరి తర్వాత ఒకరికి అర్థమైంది. ముందు ఇందుజ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. సెల్ఫీ కోసం ఫోను పైకెత్తినావిడ దాన్ని అలాగే పట్టుకుని ఉండిపోయింది. సంహిత పెద్దావిడ మొహం వైపు చూసింది, ఆ రోజు గుమ్మంలో చూడని మొహం. ఎడమ కనుబొమ తెల్లబడింది గానీ చీలిక చెక్కుచెదరలేదు. తను దండ వేసింది ఈవిడకు. బతికున్న మనిషికి, పక్క బిల్డింగులో ఉన్న మనిషికి. అద్దం మీద పెట్టిన బొట్టూ, ఈ నుదుటి మీద పెట్టిన బొట్టూ ఒకే భరిణెలోవి, ఒకే వేలితో పెట్టినవి. గోడ పట్టుకుని నిలబడింది.

నళిని జనాన్ని తోసుకుంటూ వచ్చింది. పటం చూసింది, అమ్మను చూసింది.

"నన్ను అటక మీద పెట్టానన్నావు కదే" అంది తల్లి. కోపంగా అనలేదు. అన్నం తిన్నావా అని అడిగినట్టే అడిగింది. అక్కడున్నవాళ్ళకు అందుకే ఇంకా భయమేసింది.

"పాత ఫ్రేములన్నీ ఒకేసారి తీసేయించానమ్మా. పాతసామానువాడు వాటిలో కలిపి పట్టుకుపోయాడు. తర్వాత వెతికించాను, దొరకలేదు. నీకు చెప్పలేక..." నళిని పూర్తి చెయ్యలేకపోయింది. "ఇంటికెళ్దాం రా అమ్మా."

సంహిత ముందుకొచ్చింది. "పెద్దమ్మగారూ, ఇప్పుడే దింపేస్తాను. నేనే తెచ్చి మీ ఇంట్లో తగిలిస్తాను."

"మా ఇంట్లోనా?" అందావిడ. "మా ఇంట్లో గోడలన్నీ ఖాళీయేనమ్మా. చోటే లేదు."

దండ తీయడానికి ఇందుజ చెయ్యి చాచి, ముట్టుకోవడానికి భయపడి వెనక్కి తీసుకుంది. పెద్దావిడ తనే మునివేళ్ళ మీద లేచి దండ పైకెత్తి తీసింది. దాన్నెక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి సంహిత చేతికిచ్చింది. కొంగు చివరతో అద్దం మీద బొట్టు తుడిచింది. అది మాత్రం ఊడి రాలేదు, పటం మొహమంతా ఎర్రగా అలుముకుంది. దాన్ని అలాగే వదిలేసి, చేతిలో మల్లెపువ్వును తన ముడిలో తురుముకుంది. నెమ్మదిగా గుమ్మం దాటి లిఫ్టు వైపు నడిచింది. నళిని వెనకాలే పరుగెత్తింది గానీ చెయ్యి పట్టుకునే ధైర్యం చెయ్యలేదు.

ఇల్లు ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టలేదు. భోజనాలు అలాగే ఉండిపోయాయి. నాయనమ్మతో దిగిన ఫొటోలను కొందరు మెట్ల మీదే ఫోన్లలోంచి చెరిపేసుకున్నారు. తన ఇంటికి కూడా గోడ చెయ్యమన్నావిడ సంహిత వైపు చూడకుండానే వెళ్ళిపోయింది. ఇందుజ పడగ్గది తలుపేసుకుని ఏడుస్తోంది.

మాస్టారు మూలన అదే కుర్చీలో ఉన్నారు. చేతిలో లడ్డూ సగం అలాగే ఉంది. ఆయన మొహం కూడా పాలిపోయింది.

"మీకు ముందే తెలుసా మాస్టారూ?" అంది సంహిత.

"నాకెలా తెలుస్తుందమ్మా? ఇలా జరుగుతుందని కలలో కూడా అనుకోలేదు."

సంహిత దండను చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. గంధం పొడి ముంజేతికి అంటుకుంటోంది. సొంతంగా పని చేసుకోవడం, పేరు తెచ్చుకోవడం, ఇన్నాళ్ళూ కలగన్నవన్నీ ఆ గదిలోనే పోయాయని తెలుసు. వాటికి ఏడుపు రావడం లేదు. గుమ్మంలో "నాకా?" అని వెనక్కి తిరిగిన ఆ తల గుర్తొస్తే మాత్రం ఆగడం లేదు.

"రేపు పొద్దున ఆవిడ దగ్గరికెళ్తాను మాస్టారూ" అంది కళ్ళు తుడుచుకుని. "పటం ఇచ్చేస్తాను. కాళ్ళ మీద పడతాను. ఆ తర్వాత నన్ను పనిలో ఉంచుకుంటారో పొమ్మంటారో మీ ఇష్టం."

మాస్టారు లడ్డూ పక్కన పెట్టి, చేతులు దులుపుకుని లేచారు. కాసేపు ఆ ఎర్రగా అలుముకున్న అద్దం వంక చూశారు.

"వెళ్ళు," అన్నారు. "ఇంతకీ ఆవిడ పేరేమిటమ్మా?"