వీధి కుళాయి దగ్గర మట్టి బిందెలు

"బొమ్మ పూర్తయిందని ఎలా తెలుస్తుంది మాస్టారూ?" అని ఇందుమతి అడిగింది. మా గుర్నాథం మాస్టారికి ఒక అలవాటుందండీ. ఎవరేమడిగినా ముందు చెప్పులు వేసుకుంటారు. జవాబు ఇంట్లో కూర్చుంటే దొరకదని ఆయన ఉద్దేశం కాబోలు.

ఆ పిల్ల అడగడానికి కారణం ఉంది. మాస్టారి దగ్గర మట్టిపని నేర్చుకుంటూ, మా వీధి కుళాయినే బొమ్మగా చేసింది. అందులో మనుషులు లేరు, వరసగా బిందెలే. మా ఊళ్ళో అంతే కదా, బిందె వరసలో పెట్టేసి ఇంటికెళ్ళి కూర పోపేసుకుని వస్తారు. బిందె నిలబడితే మనిషి నిలబడ్డట్టే లెక్క. మర్నాడే ఆవం పెట్టి కాలుస్తున్నారు. ఆ మంట తప్పితే బొమ్మ పట్నంలో ప్రదర్శనకి అందదు. మంటలోకి వెళ్ళిందా, ఇక గోటితో కూడా దిద్దడానికి వీలుండదు. అందుకని పచ్చిమట్టిని తడిగుడ్డతో తుడవడం, చూడడం, మళ్ళీ తుడవడం. అన్నం కూడా సరిగ్గా తినట్లేదు పాపం.

మాస్టారు బొమ్మల పలకెత్తి ఆమె చేతుల్లో పెట్టి, "పద, నీళ్ళొచ్చే వేళయింది" అన్నారు. నేనూ బిందె తీసుకుని వెనకాలే బయల్దేరాను. చూడొద్దూ మరి!

పలకని కుళాయి గట్టు మీద పెట్టారు. ఆడవాళ్ళు వంగి చూశారు. "బాగుందమ్మా" అంది ఒకావిడ. "బాగుంది" అంది ఇంకొకావిడ. ఆ పొడి మాటలకి ఇందుమతి మొహం వాడిపోయింది. అంతలో పైడమ్మ కళ్ళు చికిలించింది.

"ఈ సొట్టది నా బిందే గదే! దీన్ని గవరమ్మ బిందెకి ఎనక ఎట్టిందెవర్తె?"

"పొద్దెక్కినాక లేస్తే ఎనకే ఉంటాది" అంది గవరమ్మ.

"ఏటీ? కోడి కుయ్యకముందే ఎట్టినాను నాను!" అంటూ పైడమ్మ ఆ మట్టి బిందెని పుటుక్కున ఊడదీసి ముందు పెట్టింది. గవరమ్మ వెనక్కి తోసింది. పైడమ్మ మళ్ళీ ముందుకి లాగింది. అసలు కుళాయిలో నీళ్ళొచ్చి కాలవలోకి పోతున్నాయి, ఎవరికీ పట్టలేదు. నేను మాత్రం నా బిందె నింపుకున్నాననుకోండి.

తీరా చూస్తే మట్టి బిందె వరస తప్పి పక్కకి ఒరిగి ఉంది. మూతి మీద పైడమ్మ బొటనవేలు లోతుగా దిగిపోయింది. ఇందుమతికి ఏడుపొక్కటే తక్కువ. గబగబా తడిగుడ్డ తీసి, "ఈ మూతి ఒక్కటీ సరిచేసి ఆవంలో పెడతాను మాస్టారూ" అంది.

మాస్టారు ఆ చెయ్యి పట్టుకుని ఆపారు.

"ముట్టుకోకమ్మా. అది ఇక నీ బిందె కాదు."