బంతిలో మొదటి విస్తరి

"నాయకుడు ఎన్నాళ్లకు తయారవుతాడు స్వామీ?" అని విశ్వపతి ఒకనాడు గురువుగారిని అడిగాడు. అడగడానికి కారణం జ్ఞానతృష్ణ ఏమీ కాదు. కొండ దిగువన కట్టిన శాఖా మఠానికి పెద్దగా ఎవరిని పంపాలా అని పూర్ణబోధస్వామి ఆలోచిస్తున్నారని అతని చెవిన పడింది. ఆ పెద్దరికం కోసం అతని ప్రాణం కొట్టుకుంటోంది.

స్వామి ఏ ప్రశ్నకూ తిన్నగా జవాబు చెప్పే మనిషి కారు. "రేపటినుంచి బంతిలో మొదటి విస్తరి నీది" అని లోపలికి వెళ్లిపోయారు.

వంశధార ఒడ్డున స్వామివారుండే ఈ పెద్ద మఠంలో ఒక ఆచారం ఉంది. మొదటి విస్తరి దగ్గర కూర్చున్నవాడు లేస్తే బంతి మొత్తం లేవాలి. ఎవరు ఏ ముద్ద దగ్గర ఉన్నా సరే, ఆపైన మెతుకు ముట్టకూడదు. పెద్దవాడన్నాక చురుగ్గా ఉండాలని విశ్వపతి నమ్మకం. అందుకని మొదటిరోజు గబగబా భోంచేసి, ఉత్తరాపోశనం పట్టి, ఠీవిగా లేచి నిలబడ్డాడు. బంతి మొత్తం ఉసూరుమంటూ లేచింది. చివరన కూర్చున్న కామావధానిగారికి అప్పుడే పెరుగు పడింది. పాపం, ఆయనకు పళ్లు లేవు. ముద్దను ఈ దవడనుంచి ఆ దవడకు పంపి మింగేసరికి మామూలు మనిషి భోజనం సగమవుతుంది. ఆయన ఆ పెరుగు వంక కన్నబిడ్డను వదిలిపోతున్నట్టు చూసి, "నాయనా, భోంచేశావా, రైలు పట్టుకున్నావా?" అన్నారు.

మర్నాడు విశ్వపతి తప్పు దిద్దుకున్నాడు. దిద్దుకోవడంలోనూ అతి చేశాడు. తన భోజనం ముగించి, మెడ సాచి, ఒక్కొక్కరి విస్తరిలోకీ చూస్తూ, "కానివ్వండి, కానివ్వండి, నాకేం తొందర లేదు" అంటూ కూర్చున్నాడు. ఆ మాట విన్నకొద్దీ అందరికీ పొలమారింది. సగంమంది చారు దగ్గరే చాలించారు. అవధానిగారు మాత్రం మొండికేసి తిన్నారు గానీ, నోటికి రుచే తెలియలేదని సాయంత్రం దాకా సణిగారు.

విశ్వపతికి ఏడుపొక్కటే తక్కువ. "ఈ ముసలాయన మూలంగా నా పెద్దరికం పోయేలా ఉంది స్వామీ" అని మొరపెట్టుకున్నాడు.

"కూర నెమ్మదిగా తిను" అన్నారు స్వామి.

వానలు వెళ్లి చలి వచ్చేసరికి అతనికి భోజనం చెయ్యడం వచ్చింది. అన్నం కొంచెం కొంచెంగా కలుపుకుంటూ, పక్కవాళ్లతో లోకాభిరామాయణం సాగిస్తూ, చివరి మజ్జిగ ముద్దను విస్తరిలోనే అటూ ఇటూ తిప్పుతూ ఉండేవాడు. అవధానిగారి తిండి అయ్యాకగానీ ఆ ముద్ద నోట్లోకి వెళ్లేది కాదు. ఎలా కనిపెట్టేవాడో, ఆయనవైపు తలతిప్పి చూడగా మాత్రం ఎవరూ ఎరగరు. అవధానిగారు ధైర్యం తెచ్చుకుని, మారు పెరుగు కూడా అడుగుతున్నారు.

ఒక మధ్యాహ్నం బంతి సాగుతుండగా వంటవాడు పాపయ్య వాకిట్లోంచి పరుగున వచ్చాడు. "కొత్త మఠానికి బండి కట్టేశారండీ. అక్కడికి పెద్ద ఎవరో స్వామివారు ఇప్పుడే చెబుతారట. మిమ్మల్ని ఉన్నపళంగా రమ్మంటున్నారు."

విశ్వపతి లేవబోయాడు. సరిగ్గా అప్పుడే బంతి చివర పెరుగు గిన్నె చప్పుడైంది. అతను ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు.

"ఇంకొంచెం అన్నం పెట్టు పాపయ్యా" అన్నాడు.

పాపయ్య తెల్లబోయి పెట్టాడు. కడుపులో చోటు లేదు. ఇన్నాళ్ల ఆశ ఆ బండితోపాటు వెళ్లిపోతోందని దుఃఖం ముంచుకొస్తోంది. అయినా ఆ అన్నాన్ని మెతుకు మెతుకూ ఏరుకుంటూ తిన్నాడు. అవధానిగారు ఆరోజు మామూలుకన్నా నింపాదిగా ఉన్నారు.

చెయ్యి కడుక్కుని ఆయాసపడుతూ వాకిట్లోకి వచ్చేసరికి బండి అక్కడే ఉంది. అందులో అతని మూట అప్పటికే ఎక్కి ఉంది. స్వామి అరుగుమీద కూర్చుని ఉన్నారు.

"ఆలస్యమైంది, క్షమించండి స్వామీ. ఇక బయల్దేరమంటారా?"

స్వామి జరిగి, పక్కన చోటు చూపించారు.

"కూర్చో నాయనా. బండివాడు తింటున్నాడు."