చౌడమ్మ చీరలో ముడులు

అమ్మలారా, అయ్యలారా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ప్రసాదం దొన్నె ఒళ్ళో పెట్టుకోండి, అదెక్కడికీ పోదు. ముందు అమ్మవారి చీర వంక చూడండి. కుచ్చిళ్ళ మీద నువ్వుగింజలంత ముడులు కనిపిస్తున్నాయి కదా! పట్టుచీరకు ముడులేమిటని మొదటిసారి వచ్చినవారు నొచ్చుకుంటారు. మా పోగులదిన్నె చౌడమ్మ తల్లి ఏరికోరి కట్టుకున్న చీర అది.

పూర్వం ఇక్కడ ఇంటింటా, నేతగాడు కాళ్ళు దించుకుని కూర్చునే గుంట మీద, మగ్గం ఆడేది. ముత్తప్ప అనే నేతగాడు తనకు పని ఇచ్చిన భద్రప్ప ఇంట్లోనే పట్టుదారం చుట్టిన కండెలు దొంగిలించి, మూడేళ్ళు చెరసాలలో రాళ్ళు కొట్టి తిరిగివచ్చాడు. తప్పు ఒప్పుకుని, మళ్ళీ పని ఇమ్మని అడిగాడు.

"నీకు మగ్గమిస్తే తెల్లారేసరికి గుంట తప్ప ఏమీ మిగలదప్పా!" అన్నాడు భద్రప్ప.

వీధంతా నవ్వింది. ఆ తరువాత ఏ ఇంటివారూ అతడిని గడప ఎక్కనివ్వలేదు. పొయ్యి వెలగని మూడో రోజున భార్యను మూట కట్టమని చెప్పి, ఊరు విడిచేముందు ఒక్కసారి దండం పెట్టుకుందామని ముత్తప్ప ఈ గుడికి వచ్చాడు.

ఆ మధ్యాహ్నం కునుకు తీస్తున్న పూజారి శరభయ్యకు తల్లి ముసలమ్మ రూపాన కలలో కనిపించింది. "శరభా, నా పెట్టె నిండా పని ఉన్నవాళ్ళు నేసిన చీరలే. పని లేనివాడు నేసిన చీర కట్టుకోవాలని ఉంది. గడప దగ్గరే ఉన్నాడు, పోనియ్యకు" అన్నది.

శరభయ్య ఉలిక్కిపడి లేచి చూస్తే, గడప దగ్గర ముత్తప్ప దండం పెడుతున్నాడు. అమ్మకు చీర నేయమని గుడి వెనక ఉన్న పాత మగ్గం చూపించి, పట్టు కండెలన్నీ ముత్తప్ప చేతిలో పెట్టాడు.

"ఎవరినైనా కాపలా పెట్టు సామీ" అన్నాడు ముత్తప్ప, తల ఎత్తకుండా.

"అమ్మ ఉంది కదప్పా. కూర్చో."

రాళ్ళు కొట్టి మొద్దుబారిన చేతులాయె, పోగులు తెగేవి. తెగినప్పుడల్లా ఆగి ముడివేసేవాడు. నలభై రోజులకు చీర ముగిసింది, ఇంట్లో మూట మాత్రం కట్టినట్టే ఉంది. మిగిలిన అరకండె పట్టును కూడా అమ్మ పాదాల దగ్గర పెట్టాడు.

"ఇది చీరనా, చేపల వలనా?" అన్నారు చూసినవారు. శరభయ్యకూ సిగ్గేసి, ముడులు లోపలికి మడిచి అమ్మవారికి కట్టాడు. పొద్దున్నే తలుపు తీస్తే ముడులు పైకే ఉన్నాయి. మళ్ళీ మడిచాడు. మర్నాడూ అంతే!

ఆ వింత చూడడానికి భద్రప్ప వచ్చాడు. శరభయ్య అందించిన కొంగును వేళ్ళతో తడిమాడు. పనిదొంగ అయితే తెగిన పోగును అలాగే వదిలేసి నేసుకుపోతాడు. ఈ చీరలో వదిలేసిన పోగు ఒక్కటీ లేదు. ఆ పెద్దాయన ఒక ముడిని కళ్ళకద్దుకుని, గుడి మూల నిలబడ్డ ముత్తప్ప వైపు తిరిగాడు.

"ముత్తప్పా, రేపు పొద్దున్నే రా. నా పక్క గుంట ఖాళీగా ఉంది."

"నా సంగతి తెలిసీనా, మామా?"

"తెలిసే రమ్మంటున్నా. ముందు ఇంటికి పోయి నీ భార్యను ఆ మూట విప్పమను."

నేటికీ ప్రతి జాతరకు ముందు, చెరసాల నుంచో తాగుడు నుంచో బయటపడి పని వెతుక్కునే ఒకరిని గుడి మగ్గం మీద కూర్చోబెడతాం. కండెలకు కాపలా ఉండదు. చీర కట్టిన రోజున ఊరి నేతగాళ్ళలో ఒకరు ముడిని కళ్ళకద్దుకుని, "నా పక్క గుంట ఖాళీగా ఉంది" అని ఆ చీర నేసినవారిని పిలుచుకుపోతారు. ఇందాక మీకు దొన్నెలు అందించిన లక్షుమమ్మే ఈ ఏటి చీర నేసింది. ఎక్కడినుంచి వచ్చావని ఆమెను అడగకండి, చీర బాగుందని చెప్పండి.

ఈ ముడులకు మొక్కినవారికి చేతినిండా పని, కంచం నిండా అన్నం ఉంటాయని మా నమ్మకం. ఇంటికి వెళ్ళాక కథంతా మరచిపోయినా సరే, శరభయ్య చేసిన పని మాత్రం గుర్తుంచుకోండి. కండెలు చేతిలో పెట్టాడు, కాపలా పెట్టలేదు. రేపు మీ గడపకు అలాంటివారు ఎవరైనా పని అడిగి వస్తే, ఆ పనే మీరూ చేయండి తల్లీ.